రంగుల గోవు, మరుగుపడిన గోపాలకుడు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సునందు 2010వ సంవత్సరమున విద్యార్థుల కొక చిత్రకళాపోటీ ఆరంభమయ్యెను. దాని పేరు ఆర్చిబుల్ బహుమానము. వ్యక్తిచిత్రములకై 1921 నుండి ఆ దేశమున ఒసగబడుచున్న ఆర్చిబాల్డు బహుమానమునకు అది పరిహాసపూర్వకమైన మారుపేరు. పోటీలో జేరిన పాఠశాలకు నిలువెత్తు ఫైబర్‌గ్లాసు గోవుబొమ్మ నొకదానిని పంపుచుండిరి. గోమాంసము, ఉన్ని, ప్రత్తి మున్నగు పరిశ్రమలలో నొకదానిని గూర్చి బాలబాలికలు విచారించి, యువకర్షకులతో ముచ్చటించి, తాము గ్రహించినదానిని ఆ బొమ్మపై రంగులతో చిత్రించుచుండిరి.

గోమాంసమన్న మాట వినినంతనే మన పాఠకులలో కొందరు ముఖము త్రిప్పుకొనవచ్చును. తినుటయా, మానుటయా అనునది యిచట విచార్యము కాదు. అంగడిలోని పొట్లమునకు వెనుక ఒక పశువును, ఒక పల్లెయు, ఒక కష్టజీవియు కలరని పట్టణపు బిడ్డకు తెలియజేయు విద్య ఏ దేశముననైనను శ్లాఘనీయమే. కాని ఆ బొమ్మపై కథ సమగ్రముగా వ్రాయబడవలెనన్నచో మూడు ప్రశ్నలు వేయక తప్పదు: ఆ పశువెవరిది? దానిని మేపిన చేయి యెవరిది? అది మేసిన నేల యెవరిది?

మొదటి ప్రశ్నకు సమాధానము మన గడపకే వచ్చును. ఉత్తర ఆస్ట్రేలియాలోని యెండకును, పిడుదులకును ఐరోపా పశువులు తాళజాలకపోగా, 1933లో అమెరికా నుండి బ్రాహ్మణ్ అను మూపురపు జాతిని దిగుమతి చేసికొనిరి. భారతదేశపు పశువుల నుండి అమెరికాలో రూపొందిన ఆ జాతియందు గుజరాతు పశువులతోపాటు మన ఒంగోలు గిత్తల రక్తమును కలదు.

రెండవ, మూడవ ప్రశ్నలకు సమాధానము వేవ్ హిల్ అను పశుక్షేత్రమున నున్నది. వెస్టీ అను బ్రిటిష్ మాంసవర్తక కుటుంబము వశమందున్న ఆ క్షేత్రమున గురింజి ఆదిమజాతీయులు తమ తాతల నేలమీదనే కూలివాండ్రై, పిండి, టీ, చక్కెరలకును, నామమాత్రపు వేతనమునకును మందలను కాచిరి. ఆదిమజాతి పశుకాపరులకు సమవేతన మీయవలెనని మధ్యవర్తిత్వ కమిషను 1966 మార్చిలో తీర్పు చెప్పియు, దాని అమలును 1968 డిసెంబరు వరకు వాయిదా వేసెను. న్యాయమును ఒప్పుకొని వాయిదా వేయు విద్య దొరతనములకు క్రొత్తది కాదు. 1966 ఆగష్టు 23న విన్సెంట్ లింగియారి నాయకత్వమున సుమారు రెండువందలమంది ఆలుబిడ్డలతో పని విడిచి బయలుదేరిరి. కూలికై మొదలైన పోరాటము నేలకై సాగెను. తొమ్మిది సంవత్సరములు వారు చలింపలేదు. 1975 ఆగష్టు 16న ప్రధానమంత్రి గఫ్ విట్లమ్ స్వయముగా వచ్చి, లింగియారి అరచేతిలో పిడికెడు మన్ను పోసి, ఆ భూమిలో కొంతభాగమునకు కౌలుపట్టా నిచ్చెను.

పసివారికి ఇట్టి కఠోర విషయములేల యని కొందరనవచ్చును. పశువు మాంసమగు విధమును తెలిసికొనదగిన బాలునకు, కాపరికి కూలి యెగవేయబడిన విధము తెలియరాదనుట వింత. ఇట్టి విద్యాకార్యములకు పరిశ్రమల సంఘములే అండగా నిలుచుచుండును. పోషకుని మనసెరిగి ప్రవర్తించుట మానవస్వభావము. కావుననే ఉపాధ్యాయుడు మెలకువతో నుండవలయును. పచ్చికబయళ్ళను, నవ్వు ముఖములను మాత్రమే చిత్రించిన యెడల అది ప్రకటనఫలకమగును గాని పాఠము కాదు.

సమాజమనగా లాభము పంచుకొనిన వారు మాత్రమే కాదు, చెమటయోడ్చిన వారును. ఆ బొమ్మకు ఒక ప్రక్క పచ్చిక నెంత అందముగా చిత్రించినను మాకు సంతోషమే. రెండవ ప్రక్క మన్ను నిండిన ఆ అరచేతిని కూడ చిత్రించిననాడే ఆ బిడ్డలు తమ దేశమును పూర్తిగా చూచినవారగుదురు.