సంగటి ముద్దకు ఫొటో

మైదుకూరులో ప్రొద్దుటూరు రోడ్డు పక్కన మా పిన్నమ్మ చిన్న మెస్ నడుపుతుంది. నాలుగు బల్లలు, ఒక గ్యాస్ స్టవ్వు, ఒక కట్టెల పొయ్యి. పోయిన నెల వాళ్ళబ్బాయి వాట్సాప్ స్టేటస్‌లో ‘నాటుకోడి, రాగి సంగటి’ అని రాసి, నెట్‌లో దొరికిన ఫొటో ఒకటి తగిలించాడు. ఎవరి వంటో, ఏ ఊరిదో! అది చూసి పెళ్ళాంపిల్లలతో ప్రొద్దుటూరు నుంచి వచ్చినాయన, పళ్ళెం వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూసి ‘ఫొటోలో ఉండే కోడి యాడమ్మా?’ అన్నాడట. పిన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోలేదు. ‘నువ్వొచ్చి నా సంగటికే ఫొటో తీయబ్బయ్యా’ అని నాకు ఫోను.

వెళ్ళాను. తీశాను. బూడిద ముద్ద వచ్చింది.

‘ఏందిది, పేడముద్ద మాదిరి ఉండాదే’ అంది పిన్నమ్మ.

తప్పు సంగటిది కాదండీ. నల్లటి వస్తువు తెరనిండా కనిపిస్తే, ఫోన్ కెమెరా అక్కడ చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. తెర మీద ముద్దను వేలితో తాకితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది చూడండి, దాన్ని కాస్త కిందికి జరపండి. రాగి రంగు రాగి రంగులా వస్తుంది. ట్యూబ్‌లైట్ ఆర్పి, బల్లను వాకిలి పక్కకు లాగాం. పగటి వెలుగు పక్కనుంచి పడితే ముద్ద గుండ్రదనం తెలుస్తుంది. రెండో వైపు నీడ మరీ నల్లగా ఉంటే ఓ తెల్ల తువ్వాలు పట్టుకుంటే చాలు. ఫ్లాష్ మాత్రం వద్దు. స్టీలు పళ్ళెంలో నా చొక్కా గళ్ళు కనిపిస్తున్నాయని విస్తరాకులోకి మార్చాం. దోసె, ఉగ్గాని లాంటివైతే నిలువునా పైనుంచి తీయొచ్చు గానీ, ముద్దను అట్లా తీస్తే బిళ్ళలా కనిపిస్తుంది. తినేవాడు కూచుని చూసే ఎత్తు నుంచే తీయాలి.

అసలు చిక్కు ఆవిరితో. అది కనపడాలంటే వెనక నల్లగా ఉండాలి, వెలుగు వెనక పక్కనుంచి రావాలి. పొగచూరిన వంటింటి తలుపు పనికొచ్చింది. కానీ ఉన్నది రెండు నిమిషాలే. ఆలోగా సంగటికి పైన పొర కడుతుంది. పిన్నమ్మ చెయ్యి తడిపి ఇంకోసారి నిమిరి, గుంటలో నెయ్యి వేసింది. క్లిక్.

తిండిని చూపించి నోరూరించడం మన వాళ్ళకు కొత్తేం కాదు. 1957లో ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరొస్తుంటే హాలంతా గుటకలు మింగింది. అది తీయించిన నాగిరెడ్డి మన కడప జిల్లా ఆయనే! అయితే ఆ లడ్లను ఎవరూ పార్సిల్ అడగలేదు. పిన్నమ్మను అడుగుతారు.

వాళ్ళబ్బాయి ఊరుకోలేదు. పులుసును ఇంకొంచెం ఎర్రగా చేద్దామని ఫిల్టర్ వేశాడు. పిన్నమ్మ చూసి, ‘అంత కారం మన పులుసులో ఉండాదా? తీసెయ్’ అంది.

తీసేశాడు. అప్పటికి ముద్ద చల్లబడి గట్టిపడింది. పులుసు ఒకటే వేడి చేసి నా ముందు పెట్టింది.


‘ఫొటో అయిపాయ గదా, ఇంగ తిను.’