లెక్కలోకి రాని చలి

- పది డిగ్రీలకు దిగితేనే 'చలిగాలి'.. అంతకు పైన ఉంటే పట్టింపు లేదు
- వేడినీళ్లకు గ్యాస్ చాలదు.. హీటర్ రాడ్డుకు ఎర్తింగ్ ఉండదు
- చలి రాకముందే మేల్కొంటేనే ప్రయోజనం

నల్గొండ/మహబూబ్‌నగర్: దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది మండుటెండ. కరవు, ఫ్లోరైడ్, వలసలు ఆ తరువాత గుర్తుకొస్తాయి. చలి ప్రస్తావన వస్తే మాత్రం అందరి దృష్టీ ఆదిలాబాద్ వైపే మళ్లుతుంది. కానీ కార్తీకం వెళ్లింది మొదలు మాఘమాసం సగం వరకు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో తెల్లవారుజాము గడవడం అంత తేలిక కాదు. రేకుల ఇళ్లలోని వృద్ధులు, వసతి గృహాల్లోని పిల్లలు, ధాన్యం రాశుల వద్ద కాపలా కాసే రైతులు, నల్లమల పెంటల్లోని చెంచులు ఈ మూడు నెలలను ఎవరికి వారే నెట్టుకొస్తున్నారు. ఎండకు ప్రణాళిక ఉంది, పరిహారం ఉంది, హెచ్చరిక ఉంది. ఇక్కడి చలికి మాత్రం లెక్కే లేదు.

పది డిగ్రీల గీత

ఇందుకు ప్రధాన కారణం నిర్వచనంలోనే ఉంది. భారత వాతావరణ శాఖ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువకు పడిపోవాలి. అది సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉండాలి. అప్పుడే దాన్ని చలిగాలిగా పరిగణిస్తారు. సాధారణంతో నిమిత్తం లేకుండా 4 డిగ్రీలకు పడిపోయినా చలిగాలిగానే లెక్కిస్తారు. పాలమూరులో గానీ, నల్గొండలో గానీ ఒక రాత్రి 12 డిగ్రీలు నమోదైతే జనం గజగజ వణుకుతారు. నిబంధనల పుస్తకంలో మాత్రం అది మామూలు శీతాకాలపు రాత్రే.

పగలు ముప్పై డిగ్రీలకు దగ్గరగా కాసే ఎండ తెల్లవారేసరికి పదిహేను డిగ్రీల మేర పడిపోవడం ఈ పీఠభూమి లక్షణం. గాలిలో తేమ తక్కువ. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి అడ్డు లేకుండా పైకి పోతుంది. అందుకే ఇక్కడి చలి రోజంతా ఉండదు. నడిరేయి దాటాక విజృంభించి పొద్దెక్కగానే మాయమవుతుంది. అధికారులు కార్యాలయాలకు వచ్చే వేళకు చలి జాడ కనిపించదు.

మోస్తరు చలితోనే ముప్పు

చలి అంటే ఎముకలు కొరికేంతగా ఉంటేనే ప్రమాదమన్నది సాధారణ అభిప్రాయం. వైద్య పరిశోధనలు ఇందుకు భిన్నంగా చెబుతున్నాయి. దేశవ్యాప్తంగా సేకరించిన మరణాల సమాచారం ఆధారంగా 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తీవ్రమైన ఎండ, తీవ్రమైన చలి రోజుల కన్నా ఓ మోస్తరు చలి ఉన్న రోజులకే ఎక్కువ మరణాలు ముడిపడి ఉన్నట్లు తేలింది. తీవ్రమైన రోజులు ఏడాదిలో కొన్నే. మోస్తరు చలి రోజులు చాలా ఎక్కువ. చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి, రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు, పక్షవాతం, ఉబ్బసం, న్యుమోనియా ముప్పు అధికమవుతుంది.

అయితే పుష్యమాసపు తెల్లవారుజామున గుండెపోటుతో కన్నుమూసిన వృద్ధుడి మరణాన్ని ఎవరూ చలి ఖాతాలో రాయరు. వడదెబ్బ విషయంలో తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సైలతో కూడిన త్రిసభ్య కమిటీ విచారించి నిర్ధారించే పద్ధతి ఉంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది మరణించారన్న సంగతి లోకానికి తెలిసింది ఆ లెక్క వల్లనే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. విచిత్రమేమిటంటే చలిగాలులు అంతకు ఏళ్ల ముందు నుంచే కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్నా, పది డిగ్రీల గీత దాటని ఈ జిల్లాల చలికి ఆ గుర్తింపు అక్కరకు రావడం లేదు.

మిద్దె పోయి రేకు వచ్చె

ఒకప్పటి మట్టి మిద్దెలకు మూరెడు మందం గోడలు ఉండేవి. పగటి వేడిని పట్టి ఉంచి రాత్రికి మెల్లగా వదిలేవి. వంటింటి పొయ్యి ఇంట్లోనే ఉండటంతో నిప్పుల సెగ తెల్లవారే వరకు మిగిలేది. ఇప్పుడు మిద్దెలు కూలి స్లాబు ఇళ్లు వచ్చాయి. స్లాబు వేసుకోలేనివారు నాలుగు గోడలు లేపి పైన రేకులు పరిచారు. రేకు ఎండాకాలం నిప్పుల కొలిమి, చలికాలం మంచుగడ్డ. తెల్లవారుజామున లోపలి గాలిలోని తేమ రేకుకు తగిలి బొట్లుబొట్లుగా పక్కల మీద పడుతుంది. రేకుకూ గోడకూ మధ్య సందుల్లోంచి గాలి దూరుతుంది.

పాలమూరులో వలసల కాలం కూడా ఇదే. వానాకాలం పంట చేతికొచ్చాక పనిచేయగలవారు హైదరాబాద్, ముంబయి, పుణె నగరాలకు కూలికి తరలిపోతారు. ఇళ్లలో మిగిలేది ముసలివారు, వారి వద్ద వదిలిన మనవలు, మనవరాళ్లు. పొయ్యిలో నిప్పు రాజేసి నీళ్లు పెట్టగలిగిన చెయ్యి ఇంట్లో లేని సమయంలోనే చలి వచ్చి పడుతుంది. వెళ్లినవారి సంగతీ అంతంతమాత్రమే. నిర్మాణ స్థలాల పక్కన టార్పాలిన్ గుడిసెల్లో వారు పడుకుంటారు. నల్గొండ జిల్లా మర్రిగూడ, చండూరు ప్రాంతాల్లో కీళ్లు బిగిసిపోయిన ఫ్లోరోసిస్ బాధితులకైతే చలికాలంలో పక్క మీది నుంచి లేవడమే ఒక పరీక్ష.

బకెట్టు నీళ్ల ఖర్చెంత?

చలి దేశాల మాదిరిగా ఇక్కడ గదిని వేడి చేసుకునే అలవాటు లేదు. ఇక్కడి ఇంట్లో చలిని ఎదుర్కోవడమంటే ప్రధానంగా రెండే పనులు. ఒకటి స్నానానికి వేడినీళ్లు, రెండోది కాసేపు కాచుకునే మంట. రెండింటికీ ఇంధనం కావాలి.

లెక్క వేస్తే అసలు చిక్కు బోధపడుతుంది. రాత్రంతా ట్యాంకులో చల్లబడి 18 డిగ్రీలకు చేరిన 20 లీటర్ల నీటిని 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 70 గ్రాముల వంటగ్యాస్ ఖర్చవుతుంది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు ఐదు బకెట్లంటే నెలకు పది కిలోలు. సిలిండర్‌లో ఉండేదే 14.2 కిలోలు. వంటకు ఇక మిగిలేది నాలుగు కిలోలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయలకే సిలిండర్ ఇస్తున్నా, ఏడాదికి ఎన్ని అన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయించారు. కట్టెలతో నెట్టుకొచ్చి గ్యాస్ పొదుపుగా వాడిన పేద ఇంటికి ఈ లెక్కన తక్కువ సిలిండర్లే వస్తాయి.

అందుకే 1999 నాటి దీపం పథకం మొదలుకొని ఎన్ని గ్యాస్ కనెక్షన్లు వచ్చినా నీళ్ల కాగు కింద మంట కట్టెలదే. నల్గొండ వైపు పత్తి కట్టె, నారాయణపేట, కోస్గి వైపు కంది కట్టె, చెరువు కట్టల వెంట సర్కారు తుమ్మ దీనికి ఆధారం. పత్తి కట్టె త్వరగా అంటుకుంటుంది, త్వరగా ఆరిపోతుంది, పొగ ఎక్కువ. మంచు కురిసే వేళ ఆ పొగ పైకి లేవక వాకిట్లోనే తిరుగుతుంది. దాన్ని మొదట పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న మహిళే.

కరెంటు మరో దారి. అదే బకెట్టుకు హీటర్ రాడ్డుతో అర యూనిట్‌కు పైగా ఖర్చవుతుంది. ఐదుగురికి నెలకు 80 యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లు లేనందున అర్హత ఉన్న కుటుంబాలకు ఇదే చవక. నెల వాడకం 200 దాటితే మాత్రం ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. అంతకన్నా ముఖ్యం ప్రాణభయం.

కుంపటితోనూ, రాడ్డుతోనూ జాగ్రత్త

చాలా పల్లె ఇళ్లకు సరైన ఎర్తింగ్ లేదు. రాడ్డు నీటిలో ఉండగానే వేడెక్కాయో లేదోనని వేలు ముంచి చూడటం ప్రాణాంతకం. స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తరువాతే నీటిని తాకాలి. ఇనుప, అల్యూమినియం పాత్రల్లో రాడ్డు పెట్టరాదు. ఐఎస్ఐ గుర్తు ఉన్న రాడ్డునే కొనాలి. పిల్లలు తిరిగే చోట దీనిని వాడకపోవడమే మేలు.

కుంపటి ప్రమాదం కంటికి కనిపించదు. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించడం లేదు కదా అని ధీమాగా ఉన్నవారు నిద్రలోనే స్పృహ కోల్పోతారు. తలనొప్పి, వికారం, మత్తు అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రావాలి. పడుకునే ముందు కుంపటిని వాకిట్లో పెట్టడం ఒక్కటే సరైన మార్గం.

వసతి గృహాల్లో తెల్లవారుజాము

ఇంట్లో తల్లి కాచి ఇచ్చే నీళ్లు వసతి గృహం విద్యార్థికి దక్కవు. ప్రభుత్వ వసతి గృహాల్లో వందలాది మందికి తెల్లవారకముందే స్నానాలు ముగియాలి. డాబాపై ప్లాస్టిక్ ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీరే వారికి గతి. 2024లో ప్రభుత్వం డైట్ ఛార్జీలను 40 శాతం పెంచింది. తిండికి జరిగిన ఈ మేలు వేడినీళ్లకు, మందపాటి పరుపుకు, కిటికీ తలుపులకు కూడా జరగాలి.

నిధులు వచ్చేలోపు చేయగలిగిన పని ఒకటుంది. భూగర్భ జలం ఏడాది పొడవునా దాదాపు ఒకే వెచ్చదనంతో ఉంటుంది. తెల్లవారుజామున అప్పుడే తోడిన బోరు నీరు గోరువెచ్చగా ఉండటం, దానిపై ఆవిరి లేవడం రైతులకు కొత్త కాదు. రాత్రి ట్యాంకు నింపి పెట్టకుండా స్నానాల వేళకే మోటారు వేస్తే 27 డిగ్రీల ప్రాంతంలో నీరు దొరుకుతుంది. కాచాల్సి వచ్చినా ఇంధనం నాలుగు పాళ్లు కలిసివస్తుంది. సెలవు రోజుల్లో, వీలున్న చోట మామూలు రోజుల్లోనూ, స్నానాల వేళను పొద్దెక్కే వరకు జరపవచ్చు. దీనికి జీవో అక్కర్లేదు, వార్డెన్ తలచుకుంటే చాలు.

మరుగున పడిన గొంగడి

ఈ నేల చలికి ఈ నేలలోనే పుట్టిన విరుగుడు గొంగడి. దక్కనీ జాతి నల్ల గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడి చలినీ, చిరుజల్లునూ ఆపుతుంది. పరిస్తే పరుపు, కప్పితే దుప్పటి. అయితే మార్కెట్ మాంసం వైపు మళ్లడంతో ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో పెరిగాయి. 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇస్తూ 2017లో మొదలైన పంపిణీ పథకం లక్ష్యం కూడా మాంసం ఉత్పత్తే. గొర్రెల పెంపకానికి పేరొందిన పాలమూరులోనే గొంగడి నేసే మగ్గాలు తగ్గిపోయాయి. ప్రభుత్వ శాఖలకు వస్త్రాలు సరఫరా చేసే టెస్కో ద్వారా వసతి గృహాలకు కింద పరుచుకునే గొంగళ్లు కొంటే పిల్లలకు వెచ్చదనం, కురుమలకు ఉపాధి రెండూ దక్కుతాయి.

ఆరుబయట రాత్రులు

నల్గొండ, సూర్యాపేట జిల్లాల్లో వానాకాలం వరి కోతలు ముగిసి ధాన్యం కొనుగోలు కేంద్రాలకు చేరేది చలి ముదిరే వేళకే. తేమ 17 శాతానికి మించితే కొనరు. మంచు కురిస్తే ధాన్యం ఆరదు. ఎన్ని రోజులు ఆరకపోతే రైతుకు అన్ని రాత్రులు రాశి పక్కనే పడక. చలి పెరిగిన కొద్దీ కాపలా పెరుగుతుందన్నమాట. ఆరబెట్టే యంత్రాలు అందుబాటులోకి తేవడం, కేంద్రాల వద్ద రాత్రి తలదాచుకునే షెడ్డు వేయడం రైతు ఆరోగ్యానికి సంబంధించిన పనులు కూడా.

అమ్రాబాద్, పదర, లింగాల మండలాల్లోని చెంచు పెంటల్లో గుడిసె ముందు నెగడే చలికి ఆధారం. ముందు భాగం మంటకు కాగుతుంటే వీపు చలికి బిగుసుకుంటుంది. దుప్పట్ల పంపిణీ సాధారణంగా దాతల దయపైనే, అదీ చలి సగం గడిచాకే జరుగుతుంది.

ఇప్పుడే పూనుకోవాలి

రాష్ట్రంలో ప్రతి మండలంలోనూ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. ఏ ఊరి పరిసరాల్లో ఎన్ని డిగ్రీలు నమోదైందో రోజూ తెలుస్తోంది. కొరవడింది సమాచారం కాదు, దాన్ని బట్టి కదిలే ఏర్పాటు. పది డిగ్రీల వరకు ఆగకుండా ఈ జిల్లాలకు తగిన హెచ్చరిక స్థాయిని నిర్ణయించాలి. కనిష్ఠం వరుసగా రెండు మూడు రోజులు 13 డిగ్రీలకు దిగువన ఉంటే ఆశా కార్యకర్తలు ఒంటరి వృద్ధుల ఇళ్లకు వెళ్లి చూసేలా, బడివేళలు మారేలా, వసతి గృహాలకు వేడినీళ్లు అందేలా ఆదేశం ముందే సిద్ధంగా ఉండాలి. దుప్పట్ల కొనుగోలు దసరా నాటికే పూర్తి కావాలి. ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారులకు కిటికీ తలుపులు, ఎర్తింగ్ విషయంలో ఇంజినీర్లు అవగాహన కల్పించాలి.

శివరాత్రికి చలి 'శివశివా' అంటూ వెళ్లిపోతుందని పెద్దల మాట. ఏటా దానితో పాటే చలిపై రాసిన ప్రతిపాదనలూ మూలకు చేరుతున్నాయి. ఆ దస్త్రాలను కార్తీకంలో కాదు, ఎండాకాలంలోనే తెరిస్తే తప్ప రేకుల కింది పడకలకు వెచ్చదనం అందదు.