అన్ని దారులూ తెరిచే ఉన్నాయట!

"ఇంతకీ నువ్వు చదివిందేందమ్మా?" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఒంగోలు దగ్గర పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసిన కూలి డబ్బుతో నన్ను చదివించిన మనిషి. నర్సింగ్ చదివితే నర్సవుతారని, బీఈడీ చదివితే టీచరవుతారని ఆమెకు తెలుసు. నేను చేసింది ఇంటర్‌డిసిప్లినరీ ఎంఏ. కొంత సోషియాలజీ, కొంత ఎకనామిక్స్, కొంత చట్టం. "అయితే ఏ ఉద్యోగం వచ్చిద్ది?" అంటుంది.

చేరేటప్పుడు బ్రోషర్‌లో దీనికి జవాబుంది. పాలసీ, మీడియా, ఎన్జీవో, పరిశోధన, సివిల్స్. అన్ని దారులూ తెరిచే ఉంటాయన్నారు. ఆ మాట నమ్మి ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ పోస్టుకు దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ దాకా కూడా రానివ్వలేదు. 'సంబంధిత సబ్జెక్టు కాదు' అని స్క్రీనింగ్‌లోనే తీసేశారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సంబంధిత సబ్జెక్టులోనే కాదు, అనుబంధ సబ్జెక్టులో పీజీ ఉన్నా చాలు. కానీ ఏది అనుబంధమో తేల్చేది బల్లకు అవతల కూర్చున్నవాళ్లు. నియమం స్పష్టంగా లేనిచోట పరిచయాలే నియమం అవుతాయి. పరిచయాలు ఎవరికుంటాయో ఈ దేశంలో విడమరిచి చెప్పాలా? ప్రొఫెసర్ల పిల్లలకు ఈ డిగ్రీ ఒక అలంకారం. మనకది జీవితాన్నే పందెం కాయడం.

అలాగని ఈ చదువు దండగ అనను. అంబేద్కర్ కొలంబియాలో ఒక్క ఎకనామిక్స్‌తో ఆగలేదు. చరిత్ర, సోషియాలజీ, ఆంత్రొపాలజీ, ఫిలాసఫీ కూడా చదివారు. ఎకనామిక్స్‌లో డాక్టరేట్ కోసం వెళ్లిన ఆ విద్యార్థి 1916 మేలో ఆంత్రొపాలజీ సెమినార్‌లో కులం పుట్టుక మీద పత్రం చదివారు. రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన చేత్తోనే రాజ్యాంగ ముసాయిదాకూ నాయకత్వం వహించారు. కులాన్ని ఒక్క సబ్జెక్టులో పట్టుకోలేం. అది పొలంలో ఉంది, పెళ్లిలో ఉంది, బడ్జెట్‌లో ఉంది, కోర్టులో ఉంది.

నా చదువు నాకేం నేర్పిందో ఒక ఉదాహరణ చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కేటాయించిన రూపాయి ఎటు పోయిందో తేల్చాలంటే బడ్జెట్ పద్దులు చదవాలి, చట్టంలోని సెక్షన్లు తెలియాలి, ఆర్‌టీఐ దరఖాస్తు రాయాలి, చివరికి వాడకెళ్లి ఆ రోడ్డు పడిందో లేదో కళ్లతో చూడాలి. ఈ నాలుగు పనులూ నేను చేయగలను. ఇది నైపుణ్యం కాకపోతే మరేది నైపుణ్యం? ఈ పని చేయగలిగినవాళ్ల అవసరం సమాజానికి ఉంది. లేనిదల్లా ఆ పనికి పోస్టు.

పోస్టు ఎందుకు లేదో కూడా చూద్దాం. అలహాబాద్ హైకోర్టు 2017 తీర్పును చూపించి, యూజీసీ 2018 మార్చిలో రోస్టర్‌కు యూనివర్సిటీని కాకుండా డిపార్ట్‌మెంట్‌నే యూనిట్‌గా తీసుకోమంది. ఆ లెక్కలో మొదటి మూడు పోస్టులు జనరల్, నాలుగోది ఓబీసీ, ఏడోది ఎస్సీ, పద్నాలుగోది ఎస్టీ. ఇంటర్‌డిసిప్లినరీ సెంటర్లలో ఉండేవే రెండు మూడు పోస్టులు. అంటే మన వంతు ఎప్పటికీ రాదు. వీధుల్లోకొచ్చి కొట్లాడితేనే 2019లో చట్టం చేసి మళ్లీ యూనివర్సిటీని యూనిట్ చేశారు. కానీ అసలు పోస్టులే మంజూరు చేయకుండా గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొచ్చే చోట ఆ చట్టం ఎవరిని కాపాడుతుంది?

పదకొండో ప్రణాళిక కాలంలో యూజీసీ సాంఘిక బహిష్కరణ అధ్యయన కేంద్రాలు పెట్టింది. మన బతుకులే అక్కడ పాఠం. పన్నెండో ప్రణాళిక 2017 మార్చితో ముగుస్తుందనగానే వాటి భవిష్యత్తే ప్రశ్నగా మారింది. అదే సమయంలో 'మల్టీడిసిప్లినరీ' అన్న మాటను 2020 జాతీయ విద్యా విధానం మంత్రంలా జపించింది. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి, ఎప్పుడైనా 'ఎగ్జిట్' కావచ్చంది. స్కాలర్‌షిప్ ఆలస్యమై, మెస్ బిల్లు కట్టలేక మధ్యలో ఇంటికెళ్లేది ఎవరు? మా ఊళ్లో దాన్ని ఎగ్జిట్ అనరు, చదువు మానేయడం అంటారు.

కాబట్టి అడగాల్సినవి సూటిగా అడుగుదాం. కోర్సు మొదలుపెట్టే ముందే ఈ డిగ్రీ ఏయే పోస్టులకు అర్హతో యూనివర్సిటీ రాతపూర్వకంగా ప్రకటించాలి. రాష్ట్రాల సర్వీస్ కమిషన్లు ఆ జాబితాను గుర్తించాలి. చదివి బయటికెళ్లినవాళ్లు ఎక్కడ స్థిరపడ్డారో సామాజిక వర్గాల వారీగా ఏటా లెక్క చెప్పాలి. ఈ సెంటర్లకు శాశ్వత పోస్టులు ఇచ్చి, రోస్టర్‌ను అందరికీ కనిపించేలా పెట్టాలి.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఇది చదవండి, భయపడకండి. కానీ నెట్ రాయడానికి ఏదో ఒక సబ్జెక్టులో గట్టిగా కాలు ఊనండి. మార్క్స్ మెమోలో పేపర్ల పేర్లు ఎలా పడుతున్నాయో మొదటి సెమిస్టర్‌లోనే చూసుకోండి. చేసిన ఫీల్డ్‌వర్క్ ప్రతిదీ రాసి దాచుకోండి. నాకు ఈ మాటలు ఎవరూ చెప్పలేదు.

మా అమ్మ ఆకును చేతిలోకి తీసుకుని రంగు, మందం, తడి చూసి, ఏ గ్రేడో క్షణంలో చెబుతుంది. ఆ నేర్పుకు సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆమె కూలీగానే మిగిలింది. నాకు సర్టిఫికెట్ ఉంది. దానికీ గుర్తింపు లేదంటే ఒప్పుకునేది లేదు.

జై భీమ్.