సుత్తి, బ్రష్ పట్టుకుంటే చిన్నతనమా?

వలసలకు పేరుపడ్డ నారాయణఖేడ్ ప్రాంతంలో సొంత జిల్లాలోనే ఉద్యోగం అంటే చిన్న విషయం కాదు. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారంలో సైనిక వాహనాల ఫ్యాక్టరీ సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. అందుకే ఐటీఐ వెల్డర్ ట్రేడ్ వైపు చూసేవాళ్లున్నారు. తీరా వర్క్‌షాపులో చేరాక హోల్డర్‌కు బదులు చిప్పింగ్ హ్యామర్, వైర్ బ్రష్ చేతికిస్తే ‘ఇది హెల్పర్ పని కదా’ అని మొహం మాడ్చుకుంటారు. అక్కడే నష్టపోతారు.

వెల్డింగ్ చేసేటప్పుడు రాడ్ మీది పూత కరిగి, అతుకుపై స్లాగ్‌గా గడ్డకడుతుంది. వేడి లోహానికి గాలి తగలకుండా కాపాడేది అదే. చల్లారాక మాత్రం దాన్ని తీసేయాలి. మందపాటి ప్లేటుకు వరస మీద వరస వేస్తారు. కింది వరసపై స్లాగ్ మిగిలితే పై వరస దాన్ని లోపలే పూడ్చేస్తుంది. చూడ్డానికి అతుకు బాగానే ఉంటుంది, లోపల బలం తగ్గుతుంది. ఎక్స్‌రేలో దొరక్కపోతే బరువు పడిన రోజు బయటపడుతుంది.

హ్యామర్‌కు ఒకవైపు ఉలిలాంటి అంచు, రెండోవైపు మొన ఉంటాయి. వెడల్పు చోట అంచు, మూలల్లో మొన వాడండి. లోహంపై గాట్లు పడకూడదు. పెచ్చులు మీ వైపు కాకుండా అవతలికి ఎగిరేలా కొట్టండి. తర్వాత అతుకు పొడవునా బ్రష్‌తో రుద్దండి. స్టెయిన్‌లెస్ స్టీలుకు స్టెయిన్‌లెస్ బ్రష్షే వాడాలి, దాన్ని వేరేగా పెట్టుకోవాలి. మామూలు బ్రష్ వాడితే ఇనుప రేణువులు అంటుకుని తుప్పు మరకలు పడతాయి.

నేర్చుకునేవాళ్లకు ఇంకో లాభం ఉంది. కరెంటు, రాడ్ వాలు కుదిరితే స్లాగ్ సులువుగా లేస్తుంది. అంచుల్లో పట్టుకుని రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. చిన్న రంధ్రాలు, అంచు కోతలు కనిపించేదీ శుభ్రం చేశాకే. మీ తప్పు మీకే చూపించే పని ఇది. ట్రేడ్ టెస్టులో ముక్క ఇచ్చే ముందు ఈ నాలుగు నిమిషాలు మిగుల్చుకోండి.

వర్క్‌షాపుల బాధ్యత కూడా ఉంది. వేడి పెచ్చు కంట్లో పడితే చూపే పోవచ్చు. రేణువులు ఎగిరే పనుల్లో కళ్లకు రక్షణ గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షనే చెప్పింది. కొత్త కుర్రాడికి సుత్తి ఇచ్చి తెల్ల అద్దాల గాగుల్స్ ఇవ్వకపోవడం పని నేర్పడం అనిపించుకోదు. ఇవ్వకపోతే మొహమాటపడకుండా అడగండి. అవి పెట్టుకున్నాకే సుత్తి ఎత్తండి.