పట్టా ఉంటే చాలునా?

ఇంట్లో రాజకీయాల మాట వస్తే, రాజనీతి శాస్త్రం చదివిన మనవడు చెప్పిందే వేదం. వార్డులో నీళ్ళెందుకు రావో తెలిసిన అమ్మమ్మ మాట ఎవరికీ పట్టదు. ఇది న్యాయమా?

అమెరికాలో ఫిలిప్ టెట్‌లాక్ అనే ఆచార్యులు 284 మంది నిపుణుల చేత సుమారు 28,000 జోస్యాలు చెప్పించి, దాదాపు 20 ఏళ్ళపాటు నిజానిజాలు సరిచూశారు. 2005లో పుస్తకం వేశారు. డాక్టరేటు ఉన్నంత మాత్రాన జోస్యం ఫలించలేదు. ఒకే సిద్ధాంతాన్ని పట్టుకు వేలాడినవారి కంటే, నాలుగు వైపులా చూసి అభిప్రాయం దిద్దుకున్నవారే నయమని తేలింది.

అలాగని చదువు దండగ కాదు. రాజ్యసభ ఎన్నిక ఎలా జరుగుతుందో, ఫిరాయింపుల చట్టం ఏం చెబుతుందో చదివినవాడికి తెలుస్తుంది. కానీ బడిచదువు పూర్తికాని కామరాజ్ 1954 నుంచి 1963 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండి, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఆకలి సంగతి ఆయనకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు.

బ్యాంకులో ఎంత పెద్ద ఆఫీసరు రాసిన పద్దుకైనా ఆడిట్ తప్పదు. అభిప్రాయాలకూ అంతే. వచ్చే ఎన్నికల ముందు ఇంటిల్లిపాదీ తమ అంచనా, కారణంతో సహా, కాగితం మీద రాసిపెట్టండి. ఫలితాలొచ్చాక సరిచూడండి. అమ్మమ్మ కాగితం మాత్రం మరవకండి!