జాగ్రత్త పడలేదంటారా?

"ఎవరి ఆరోగ్యం వాళ్ల బాధ్యతండీ. ఆ ఉద్దానం కూలీలు నీళ్లు సరిగ్గా తాగరు. అయినదానికీ కానిదానికీ నొప్పి మాత్రలు మింగుతారు. కిడ్నీలు పాడవక ఏమవుతాయి?"

ఈ మాట ఎవరిదో కాదు. మీదే.

ఉద్దానం ఎప్పుడైనా చూశారా?

శ్రీకాకుళం జిల్లా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఫొటోలకు బాగుంటుంది లెండి. అక్కడ మూడు దశాబ్దాలకు పైగా కూలీల కిడ్నీలు చెడిపోతున్నాయి. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా. నీళ్లా? ఎండా? పురుగు మందులా? పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు.

కారణం వాళ్లకే దొరకలేదు. దోషి మాత్రం మీకు దొరికిపోయాడు!

నొప్పి మాత్ర సరదాకి మింగుతారా? ఆ మాత్రలు కిడ్నీలకు చేటే, కాదనను. కానీ తెల్లారితే మళ్లీ పనికి పోవాలి. పోకపోతే కూలి లేదు. మీకు జీతంతో సెలవుంది. వాళ్లకేముంది?

మండుటెండలో పొద్దుగూకే దాకా పని చేయించుకుని, నడుం నొప్పంటే ఊళ్లో ఆర్‌ఎంపీ తప్ప దిక్కు లేకుండా చేసి, కాళ్లు వాచే దాకా జబ్బు సంగతి తెలియనివ్వక, అక్షరం రానివాళ్ల నోటికి కూడా కిడ్నీ పరీక్షలోని క్రియాటినిన్ అన్న మాట వచ్చే దాకా చూస్తూ కూర్చుని, వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటల డయాలసిస్‌కి ఊళ్లు దాటించి, తోడొచ్చిన భార్య కూలి కూడా పోగొట్టి, పుస్తెలు తాకట్టు పెట్టించి, చదువుకోవాల్సిన పిల్లాణ్ణి వలస పంపించి, "ఆ ఊరి సంబంధమా?" అని పెళ్లిళ్లు చెడగొట్టి, ఇంత జరిగాక "కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది" అంటారా?

సిగ్గుగా లేదూ?

హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు రావడానికి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవడానికి 2023 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అన్నేళ్లు ఎవరు బాధ్యత మరిచారు? కూలివాడా?

నెలకు 10,000 పింఛను ఇస్తున్నారుగా అంటారు. అది జబ్బు ముదిరాక. అంతకు ముందే ఏటేటా ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్ష చేయమని ఒక్కసారైనా అడిగారా? పరీక్షకు వచ్చిన రోజు కూలి కట్టివ్వమని అడిగారా?

ఎందుకడుగుతారు? మీ ఇంట్లో ఎవరికీ రాలేదుగా!

ఇప్పుడైనా అడగండి. మీ ఎమ్మెల్యేని, మీ ఎంపీని, మీ మంత్రిని.

అడగలేరా? అయితే ఆ జాగ్రత్తల సలహా కూడా మానుకోండి.