మేడమ్‌కి కలర్ నచ్చిందా?

"మేడమ్‌కి కలర్ నచ్చిందా సార్?"

ఎల్బీ నగర్‌లో పాత కార్లు అమ్మే ఒకచోట సేల్స్ కుర్రాడు మావారిని అడిగిన మాట ఇది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. బానెట్ ఎత్తించింది నేను. సర్వీసు బిల్లులు చూపించమన్నది నేను. కొనబోయే డబ్బులో సగానికి పైగా మూడేళ్ళు నేను కట్టిన చీటీది. ఇంటికొచ్చాక ఆ కారు రోజూ నడిపేదీ నేనే. అయినా ఇంజిన్ సంగతి సార్‌తో, రంగు సంగతి మేడమ్‌తో! ఆ రంగు గురించైనా నన్ను నేరుగా అడగలేదు. మావారి చేత అడిగించాడు.

ఆ కుర్రాణ్ణి అని ఏం లాభం? మన ఇళ్ళల్లో జరుగుతున్నదే అతను చేశాడు. ఫ్రిజ్ కొనాలంటే మనల్ని అడుగుతారు, గ్రైండర్ కొనాలంటే అడుగుతారు. కారు దగ్గరికొచ్చేసరికి మగవాళ్ళందరూ ఒక జట్టు. బావగారు, మరిది, పక్క ఫ్లాట్ ఆయన, ఆఖరికి ఇంటర్ చదివే కొడుకు కూడా సలహా ఇస్తారు. మనం కాఫీలు ఇస్తాం.

నిజానికి మా ఇంట్లో కారు అవసరం ఎవరికి? 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్‌కి మెట్రో వచ్చాక మావారు ఆఫీసుకి అందులోనే వెళ్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో ఎక్కితే ఆయన పని అయిపోయినట్టే. పిల్లల ట్యూషన్లు, అత్తగారి డాక్టరు, సరుకులు, పెళ్ళిళ్ళు అన్నీ నా స్టీరింగ్ మీదే. కాస్త పెద్ద ఇంజినున్న బండి తీసుకుందామంటే మాత్రం, "నువ్వు వెళ్ళేది కొత్తపేట దాకా. దానికి అంత పవర్ ఎందుకు?" అనేవారు. నేనూ నిజమే కాబోలనుకున్నాను. పవర్ అంటే కుర్రాళ్ళ సరదా అనే నా ఉద్దేశం కూడా.

కిందటి వేసవిలో మాచర్ల దగ్గరున్న మా అత్తవారి ఊరు నుంచి సాగర్ రోడ్డులో తిరిగి వస్తున్నాం. మావారికి నడుంనొప్పి, నేనే నడుపుతున్నాను. మా పాత ఎనిమిది వందల సీసీ కారులో ఐదుగురం, డిక్కీలో బియ్యం బస్తా, పైన ఏసీ. మాల్ దాటాక మధ్యలో డివైడర్ లేనిచోట ఇటుకల లారీని దాటబోయాను. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాను. ఇంజిన్ అరిచింది గానీ బండి కదల్లేదు. లారీకి సగంలో ఉండగా ఎదురుగా బస్సు. బ్రేకేసి మళ్ళీ లారీ వెనక్కి వచ్చి పడ్డాను. అత్తగారు "నారాయణా" అన్నారు. ఇబ్రహీంపట్నం వచ్చేదాకా కార్లో ఎవరూ నోరు విప్పలేదు.

తప్పు నాదే. నా బండికెంత సత్తువుందో తెలిసీ దాటబోకూడదు. ఎంత పవరున్నా తొందరపాటుకి మందు లేదు. కానీ ఆ రోజు నాకొకటి అర్థమైంది. ఇంజిన్ బలమంటే నూట నలభైలో పోవడం కాదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకున్న బండి, మనం అడిగిన క్షణంలో పలకడం. అది సరదా కాదు, అవసరం.

అందుకని వెతకడం మొదలుపెట్టాను. వెతికితే తెలిసిన సంగతులు మీకూ పనికొస్తాయి.

నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజినుంటే మన దేశంలో పన్ను తక్కువ. మనం చూసే ఈ చిన్న ఎస్‌యూవీలన్నీ పొట్టిగా ఉండటానికి కారణం అదే. చిన్న ఇంజిన్ నుంచే ఎక్కువ బలం రాబట్టాలి కాబట్టి టర్బో పెట్టారు. టర్బో అంటే పొగ బయటికి పోయే వేగంతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి కొట్టే ఏర్పాటు.

కాబట్టి సీసీ ఎక్కువైతే బలం ఎక్కువన్న లెక్క ఇక్కడ తప్పు. 2019లో వచ్చిన హ్యుందయ్ వెన్యూనే చూడండి. అందులో 1200 సీసీ పెట్రోల్ ఇంజిన్ శక్తి 83 పీఎస్. అదే కారులో 1000 సీసీ టర్బో ఇంజిన్ శక్తి 120. పేరొకటే, బాడీ ఒకటే, బండి వేరు. మారుతి బ్రెజా ఇంకో తీరు. 2016లో వచ్చినప్పుడు 1300 సీసీ డీజిల్, 2020 నుంచి 1500 సీసీ పెట్రోల్. మన పెనుకొండలో తయారయ్యే కియా సోనెట్‌లోనూ ఇలాగే రకరకాల ఇంజిన్లున్నాయి. "బ్రెజా ఉంది మేడమ్" అంటే సరిపోదు. ఏ ఏడాదిది, ఏ ఇంజిన్ అని అడగాలి.

ఇంకో మాట, టార్క్. ఈ మాట వినగానే నేనూ బెదిరిపోయాను. మన వంటింట్లో ఉన్నదే అది. మిక్సీ గిర్రున తిరుగుతుంది. గ్రైండర్ మెల్లగా తిరుగుతుంది. కానీ రెండు కిలోల గారెల పిండిని లాగేది ఏది? ఆ లాగే బలమే టార్క్. అది ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడే అందితే సెల్లార్ ర్యాంపు మీద, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, లారీ దాటేటప్పుడు బండి ఏడవదు. నేను చెప్పిన వెన్యూ టర్బోలో ఆ బలం 1500 చుట్ల దగ్గరే పూర్తిగా వస్తుంది. టర్బో లేనిదాంట్లో 4000 చుట్ల దాకా ఆగాలి. డీజిల్ బండ్లలో ఇంకా ఎక్కువ. మహీంద్రా ఎక్స్‌యూవీ 300 డీజిల్‌కి 300 న్యూటన్ మీటర్లు.

అలాగని అందరూ డీజిల్ కొనేయకండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ బండి ఆగకుండా దూరం పోవాలి. రోజూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేటకి వెళ్ళి వచ్చే నాలాంటివాళ్ళకి అది తలనొప్పే. ఆ మాట మాత్రం ఏ అమ్మకందారూ నాకు చెప్పలేదు.

బలమైన ఇంజిన్ పాతదైతే జాగ్రత్తా ఎక్కువే కావాలి. టర్బోకి వేళకి ఆయిల్ మార్చకపోతే అది పాడవుతుంది, బాగుచేయించడం ఖరీదు. అందుకే రంగు కంటే ముందు సర్వీసు బిల్లులు అడగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్ళేసరికే వేడి చేసి ఉంచారంటే అనుమానించండి. నీలం పొగ వస్తే వదిలేయండి. మీకు నమ్మకమున్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి. అతనికిచ్చే వెయ్యో రెండు వేలో దండగ కాదు.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ ఉండాలి. చలాన్లు ఎన్నున్నాయో ముందే చూసుకోవాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకోవాలి. బదిలీ అయిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మన పేరుకి మార్చమని కంపెనీకి రాయాలి. బేరమాడే ముందు కొత్త బండి ధర కూడా కనుక్కోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పాత ధరలు మనసులో పెట్టుకుని బేరమాడితే నష్టపోయేది మనమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నడిపి చూడటం. ఆ రోజు తాళాలు మావారి చేతికిస్తుంటే నేనందుకున్నాను. కుర్రాడు నవ్వాడు. అత్తగారినీ పిల్లల్నీ వెంట తీసుకెళ్ళాను కాబట్టి ఐదుగురమూ ఎక్కాం, ఏసీ వేశాం. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కాను. మొదటి బండి సీటు ఎంత జరిపినా క్లచ్ నాకు పూర్తిగా అందలేదు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. మావారు నడిపుంటే ఆ సంగతి తెలిసేదే కాదు. రెండోది అందింది, ఎక్కింది, పలికింది. దానికన్నా ఎక్కువ పవరున్నది పక్కనే ఉంది. మా అబ్బాయి దాని చుట్టూ తిరిగాడు. నేను తిరగలేదు. మనకి కావలసినంత ఉంటే చాలు.

ఆరేళ్ళ పాత టర్బో పెట్రోల్ బండి అది. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఆర్సీ ఎవరి పేరు మీద అని అడిగారు. మావారు అలవాటు చొప్పున తన ఆధార్ కార్డు తీశారు. ఓ క్షణం ఆగి, "నీది తెచ్చావా?" అన్నారు. తెచ్చాను. ఉదయం బయల్దేరేటప్పుడే బ్యాగులో పెట్టుకున్నాను.

మీరూ పెట్టుకోండి. ఇంటికి కారొస్తోందంటే కాఫీ గిన్నె పక్కన పెట్టి హాల్లోకి రండి. ఇంజిన్ ఏది, ఏ ఏడాదిది, బలం ఎక్కడ అందుతుంది అని అడగండి. తాళాలు చేతికి తీసుకోండి. రంగు సంగతి తీరిగ్గా సార్‌ని అడగమనండి.